పిన్ని చెప్పిన బుధవారం

పిన్ని పోయింది. పోయిన వారం నేను పాఠాలు చెప్పే స్కూలుకు తయారవుతుంటే భిలాయి సెక్టర్ 6 నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"పాపా, పిన్ని ఇంక లేదే. మంగళారం నైట్ షిఫ్టులో పోనాది. నిద్దట్లోనే. చిన్నోడు టీ ఇద్దామని లేపితే లెగనేదు."

గోడ మీద క్యాలెండర్ చూశాను. బుధవారం. కిటికీలోంచి వెలుగు కూడా వచ్చేస్తోంది. అయినా అమ్మను సరిదిద్దాలనిపించలేదు. భిలాయిలో స్థిరపడిన మా శ్రీకాకుళం వాళ్ల లెక్క అలాగే ఉంటుంది. ప్లాంటులో నైట్ షిఫ్ట్ ఏ రోజు రాత్రి ఎక్కితే హాజరు ఆ రోజుకే పడుతుంది. అందుకని పొద్దున ఆరింటికి ఫస్ట్ షిఫ్ట్ మొదలయ్యేదాకా మాకు నిన్నటి రోజే నడుస్తూ ఉంటుంది. కోడి కూసినా సరే, పాలవాడు వచ్చి వెళ్లినా సరే. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఈ లెక్కే మా పిన్నిని పీకలదాకా ముంచింది. కాబట్టి మీకు ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తికమక పడకండి.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. పక్క క్వార్టర్. అంతే. కానీ మా అమ్మ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన నాన్నకు వండిపెడుతుంటే నాకు జడ వేసింది పిన్నే, స్కూలు బస్సెక్కించింది పిన్నే, వీపు మీద ఒక్కటిచ్చింది కూడా పిన్నే. బాబాయి కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాక ఆ క్వార్టర్నే లీజుకు తీసుకున్నారు. ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. ఇంట్లో మిగిలింది పిన్ని, లేకలేక పుట్టిన కొడుకు చిన్నోడు.

పిన్ని నోరు చాలా పెద్దది. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నావిడ పలికేది. లోకమంతా ఆమెకు షిఫ్టుల్లోనే ఉండేది. "మా పెళ్లి సెకండ్ షిఫ్టులో అయినాది" అనేది. "ఫస్ట్ షిఫ్ట్ వారం రా, చేగోడీలు సేస్తాను" అని నన్ను పిలిచేది. బాబాయి పోయాక కూడా ఆయన షిఫ్టు మారే రోజు వస్తే గుర్తు చేసుకునేది. ఇంటి ముందు తలుపుకు అడ్డంగా ఒక రైలు పట్టా ముక్క ఉండేది. మా ప్లాంటు పట్టాలు తయారు చేసే ప్లాంటు కదా, మా వీధిలో చాలా ఇళ్లలో అలాంటి ముక్క ఒకటి ఉండేది, కొబ్బరికాయ కొట్టుకోవడానికి.

చిన్నోడు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లేవాడు. మెత్తనివాడు. తల్లి నోరు వాడికి రాలేదు. ఒకసారి ప్లాంటులో రాగి తీగ పోయింది. సెకండ్ షిఫ్ట్ చేసి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు చిన్నోడు. తెల్లారుతుండగా పోలీసు జీపు వచ్చింది. కొంచెం మాట్లాడి పంపిస్తామన్నారు. పిన్ని చొక్కా తెచ్చి వాడికి తొడిగే లోపలే తీసుకుపోయారు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూశాం. ఒక్కరం కదల్లేదు. కదిలి ఏం చేస్తాం చెప్పండి.

మూడు రోజులు. పిన్ని పోలీసు థానా బయట అరుగు మీద అన్నం క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. "ఇక్కడెవరూ లేరమ్మా, వెళ్లు" అంటారు. లోపలి నుంచి దగ్గు వినిపిస్తుంది. కన్నతల్లికి ఆ దగ్గు ఎవరిదో తెలియదా? మళ్లీ అడిగితే మళ్లీ లేడంటారు. అసలు దొంగలు వేరే ఊళ్లో దొరికారట, మూడో రోజు సాయంత్రం చిన్నోణ్ణి చౌరస్తాలో వదిలేశారు. కేసు లేదు. సంతకం లేదు. అడిగితే, అసలు తీసుకెళ్లనే లేదన్నారు. వాడి అరికాళ్లు చూసి మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసింది.

అప్పటి నుంచి వాడు వెనక గదిలోనే. కాళ్లు బాగుపడ్డాయి, నడుస్తాడు, పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తాడు. ముందు గుమ్మం మాత్రం దాటడు. గోడకు వీపు ఆనించి తప్ప కూర్చోడు. కుక్కర్ కూత వేసినా తల వెనక్కి తిప్పి చూస్తాడు. గొళ్లెం పడితే ఊపిరాడదు వాడికి, అందుకని పిన్ని ఆ పట్టా ముక్కతో తలుపు తెరిచే ఉంచేది. చలికాలం ఇక్కడ ఎలా ఉంటుందో మీకు తెలియదు, ఎముకలు కొరుకుతుంది. అయినా ఆ తలుపు తెరిచే ఉండేది. తలుపు బార్లా తెరిచి ఉన్నా లోపల మనిషి బందీగానే ఉండడం నేను ఆ ఇంట్లోనే చూశాను. ప్లాంటు గేటుకు వెళ్లాలన్నా, బజారుకు వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా మా వీధికి ఉన్నది ఒక్కటే రోడ్డు. ఆ రోడ్డు మీదే థానా, వెనక సందు పోయేది ముక్తిధామ్ శ్మశానానికే. వాడి పని పోయింది, గేట్ పాస్ పోయింది, స్నేహితులు రావడం మానేశారు.

పై ఆఫీసర్లకు ఇచ్చిన అర్జీకి రసీదు కూడా ఇవ్వలేదు. అప్పుడు మా వీధిలో ఉండే మలయాళీ పెద్దాయన, యూనియన్ మనిషి, చెప్పాడు. రాయ్‌పూర్‌లో రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది, మామూలు తెల్లకాగితం మీద రాసిస్తే చాలు, ఫీజు అక్కర్లేదు, వకీలు అక్కర్లేదు, కానీ జరిగిన ఏడాది లోపలే వెళ్లాలి, ఆ తర్వాత వాళ్లు వినరు అని. ఇక్కడ అందరూ దాన్ని ఆయోగ్ అంటారు. పిన్ని నోట్లో అది ఆయోగం అయింది.

"ఫీజు నేని కోర్టేటి పాపా? మందు నేని ఆసుపత్రిలాగ!" అంది. అని, ఆ సాయంత్రమే నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఆమె తెలుగులో చెప్పడం, నేను హిందీలో రాయడం. బుధవారం, ఫలానా తారీఖు, పొద్దున అయిదింటికి మా అబ్బాయిని తీసుకెళ్లారు. అమ్మ ఉంది, మలయాళీ పెద్దాయన ఉన్నాడు, మేమంతా దాయి అని పిలిచే ఎదురింటి ఛత్తీస్‌గఢీ పెద్దావిడ ఉంది. అందరూ తలూపారు. ఆ రోజు బుధవారం కాదని ఒక్కరికీ తట్టలేదు.

ఆయోగ్ ఫిర్యాదు తీసుకుంది, పోలీసుల నుంచి నివేదిక అడిగింది. ఆ నివేదిక నకలు పిన్నికి కూడా పంపారు, దీనికి మీ సమాధానం ఏమిటని. నేనే చదివి వినిపించాను. ఫలానా బుధవారం పొద్దున అయిదింటికి తీసుకెళ్లామని ఈమె అంటున్నది, కానీ అదే బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా అబ్బాయి ప్లాంటులో డ్యూటీలో ఉన్నట్టు హాజరు ఉంది, కాబట్టి ఫిర్యాదు అబద్ధం. అంతే. మూడు వాక్యాలు.

నవ్వుకుంటే నవ్వుకోండి, మాకు అప్పటికీ అర్థం కాలేదు. అవును, బుధవారం సెకండ్ షిఫ్ట్ చేశాడు. అవును, బుధవారం తీసుకెళ్లారు. ఇందులో అబద్ధం ఎక్కడుంది? పిన్ని, నేను, అమ్మ ముగ్గురం ఎంత తిప్పి చూసినా మా బుధవారంలో తప్పు దొరకలేదు.

ఇంతలో థానా తరఫున ఒక మనిషి వచ్చాడు. తప్పుడు ఫిర్యాదు చేస్తే కేసు మీ మీదే పడుతుంది, వెనక్కి తీసుకోండి, రాజీ అయిపోండి అన్నాడు. మర్యాదగానే అన్నాడు, పిన్ని ఇచ్చిన టీ కూడా తాగాడు. ఆ తర్వాత మా వీధిలో గుమ్మాల ముందు కబుర్లు తగ్గాయి. ఊరి నుంచి పిన్ని తమ్ముడు ఫోన్ చేసి వచ్చేయమన్నాడు. ఎలా వస్తుంది? చిన్నోడు రైల్వే స్టేషన్ దాకా రావాలంటే థానా దాటాలి. వాణ్ణి వదిలి ఆమె వెళ్లదు. అమ్మ కూడా చివరికి వదిలేయమనే చెప్పింది.

"నూతిలోకి దిగి మద్దిలో ఉండిపోనట్టున్నాది పాపా," అంది పిన్ని నాతో. "కిందకి దిగలేను, పైకి రాలేను. తాడు అలా పట్టుకోనున్నాను."

చిన్నోడికి కోపం వచ్చింది. వాడు గట్టిగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే. "ఎవరడిగారమ్మా నిన్ను? ఛోడ్ దో నా, వదిలెయ్! ఆళ్లు రాసిస్తే నా కాళ్లకి ఏం అవుతది?"

పిన్ని నోరు ఆ రోజు చిన్నదైపోయింది. "రాసిందీ రాయందీ నాకెందుకురా. నువ్వు మన గుమ్మం దాటి, ఆ పోలీసు టేసన్ ముందు నుంచి, ఆ రోడ్డంట ఒక్కపాలి నడిసినావంటే సాలు నాకు. తల దించకుండా. ఆళ్లు తప్పని ఒప్పుకుంటే నువ్వు నడుస్తావేమోనని తిరుగుతున్నాను గానీ, నాకేటి సరదానా?"

వాడు వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆయోగ్ సొంతంగా విచారించడానికి ఒక ఆఫీసర్ని పంపింది. పోలీసు ఆఫీసరే. ఆయోగ్‌కు విచారణ సిబ్బందిగా పోలీసుల్నే ఇస్తారట. యూనిఫాం లేకపోయినా బూట్లు చూసి పిన్ని గుర్తుపట్టేసింది. "బాగున్నాది! పోలీసోడి మీద సెప్పుకుంటే పోలీసోణ్ణే పంపినారేటి?" అని నా చెవిలో అంది, అంటే వీధంతా వినపడేట్టు. తెలుగు రాకపోయినా ఆయనకు అర్థమైనట్టే ఉంది. పట్టా ముక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఇంటింటికీ వెళ్లి విడివిడిగా అడిగాడు. ఎప్పుడు తీసుకెళ్లారు? బుధవారం పొద్దున అయిదింటికి. మలయాళీ పెద్దాయన అదే చెప్పాడు. దాయి అదే చెప్పింది. అమ్మ అదే చెప్పింది. ఆయన ముఖం మారిపోయింది. అందరూ ఒకే అబద్ధం బట్టీపట్టారనుకున్నాడు, నాకు తెలుస్తూనే ఉంది. తిరిగి వచ్చి పిన్ని ముందు కూర్చుని, అంతకు ముందు అబ్బాయి ఏం చేశాడో చెప్పమన్నాడు. నేను మధ్యలో హిందీలోకి మారుస్తున్నాను.

"ఏం సేస్తాడు బాబూ. సెకండ్ షిఫ్ట్ సేసొచ్చినాడు. అన్నం ఎట్టినాను. తొంగున్నాడు."

"ఆ షిఫ్ట్ ఏ రోజుది?"

"బుధారం."

"తర్వాత తీసుకెళ్లింది?"

"బుధారం."

"అమ్మా, బుధవారం రాత్రి అయ్యాక మళ్లీ బుధవారం పొద్దున ఎలా వస్తుంది?"

పిన్ని ఆయన్ను జాలిగా చూసింది. "నైట్ షిఫ్ట్ అవకుండా గురువారం ఎలాగొస్తాది బాబూ?"

నేను హిందీలో చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. మా లెక్క ఎక్కడ తేడా పడిందో అప్పుడు తట్టి, ఆమె మాట ఆయనకు పూర్తిగా చెప్పాను. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. ఆయన లేచి మళ్లీ దాయి ఇంటికి వెళ్లాడు. ఈసారి ఒకే ప్రశ్న. గురువారం ఎప్పుడు మొదలవుతుంది? "ఆరింటికి, ఇంకెప్పుడు సాబ్?" అంది దాయి చీపురు పట్టుకుని. ఆయన నవ్వేశాడు. ఇంతమందికి నేర్పించి ఉంటే సరైన తారీఖే నేర్పించేవారు కదా అన్నాడు. ఆ మాట తర్వాత ఆయన నివేదికలో కూడా వచ్చింది. మా వీధంతా కలిసి చేసిన తప్పే మా నిజానికి సాక్ష్యమైంది.

తర్వాత రాయ్‌పూర్‌లో ఆయోగ్ ముందు పేశీ, వాయిదా అన్నమాట. విచారణ జరిపేటప్పుడు ఆయోగ్‌కు సివిల్ కోర్టుకున్నట్టే అధికారాలుంటాయి. సమన్లు పంపి మనిషిని రప్పించగలదు, ప్రమాణం చేయించి అడగగలదు, కాగితాలు తెప్పించగలదు. థానా అధికారిని రప్పించింది. ఆయన నీళ్లు నమిలాడు, ప్రమాణం చేసి కూడా రెండు మూడు రకాలుగా చెప్పాడు. విచారణ జరుపుతున్న ఆయోగ్ సభ్యుడు పిన్నికి కుర్చీ వేయించారు. థానా అధికారి నిలబడే ఉన్నాడు. తిరుగు రైల్లో భిలాయి ముందు వచ్చే చరోదా యార్డు దాటే వరకూ పిన్ని అదే మాట. "నాను కూకున్నానే పాపా. ఆడు నిలబడ్డాడు. సూసినావు కదా? నువ్వు సూసినావు కదా?" చూశాను పిన్నీ, చూశాను.

ఉత్తర్వు వచ్చింది. అబ్బాయిని గురువారం తెల్లవారుజాము నుంచి మూడు రోజులు అక్రమంగా నిర్బంధించినట్టు రుజువైంది అని ఉంది అందులో. పిన్ని ఆ ముక్క నా చేత ఎన్నిసార్లు చదివించిందో. కింద, నష్టపరిహారం ఇవ్వాలని, బాధ్యుల మీద చర్య తీసుకోవాలని ప్రభుత్వానికి సిఫారసు చేస్తున్నామని ఉంది.

"సిఫారసా?" అంది పిన్ని. ఇక్కడ సిఫారసంటే ఉద్యోగం కోసం ఎవరినో పట్టుకోవడమే. "ఆణ్ణి నిలబెట్టి అడిగినారు కదా, ఇంత పెద్ద ఆయోగం, ఆఖరికి బతిమాలుకోడమేటి?"

ఆయోగ్ చెప్పగలదు, చేయించే అధికారం దానికి లేదు. ప్రభుత్వం వినకపోతే హైకోర్టుకు వెళ్లగలదు. ఏం చేశారో చెప్పమని గడువు పెట్టగలదు. జైళ్లలోకి, ఆశ్రమాల్లోకి వెళ్లి లోపలివాళ్లు ఎలా ఉన్నారో చూడగలదు. చిన్నోడి వెనక గదిలోకి రావడానికి దానికి సెక్షన్ లేదు. ఇవన్నీ నేను ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతాను. పుస్తకంలో ఒక్క పేరా. "మేడమ్, ఆర్డర్ నహీ దే సకతే?" ఆర్డర్ ఇవ్వలేరా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్ల అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ నాకు పిన్ని గొంతే వినిపిస్తుంది. ఇప్పుడు ఆ పేరా చెప్పేటప్పుడు రైల్లో ఆమె మొహం ఎలా వెలిగిందో కూడా చెబుతాను. ఆ పేరా నాకు నేర్పింది ఆమే.

ప్రభుత్వ హోం శాఖ నుంచి జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉంది. ఆయోగ్ మళ్లీ రాసింది. పరిశీలనలో ఉంది.

"పరిశీలనంటే ఏటి పాపా?"

"చూస్తున్నారట పిన్నీ."

"నానూ సూస్తన్నాను," అంది తలుపు దగ్గర కూర్చుని.

అలా చూస్తూనే ఉంది. పోస్ట్‌మన్ వచ్చే వేళకు జుట్టు దువ్వుకుని కూర్చునేది. మోకాళ్లు పట్టేశాయి, గొంతు తగ్గింది, పిలిస్తే చివరింటిదాకా వెళ్లడం మానేసింది. అయినా చిన్నోడితో మళ్లీ ఆ రోడ్డు మాట ఎత్తలేదు. వాడు ఆమెకు తల దువ్వడం, మందులివ్వడం నేర్చుకున్నాడు. ఇద్దరూ ఆ రెండు గదుల్లోనే ముసలివాళ్లయిపోయారనిపించేది నాకు. నాకూ కోపమే వచ్చేది, ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

అమ్మ ఫోన్ చేసిన బుధవారం నేను వెళ్లేసరికి పిన్నిని వరండాలో పడుకోబెట్టారు. పిన్ని తమ్ముడు రైలు ఆలస్యమై ఇంకా దారిలోనే ఉన్నాడు. మగవాళ్లు పక్కకెళ్లి గుసగుసలాడుతున్నారు. కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి. వీడు గుమ్మం దాటుతాడా? మలయాళీ పెద్దాయన అందరి తరఫునా వచ్చి మెల్లగా చెప్పాడు. "బేటా, వ్యాన్ వెనక సందులోకే వస్తుంది. అటు నుంచే ముక్తిధామ్‌కు వెళ్లిపోదాం. నువ్వు బండి లోపల కూర్చో, చాలు."

చిన్నోడు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గోడకు వీపు ఆనించి లేదు, అది నేను అప్పుడే గమనించాను. తల్లి పాదాల మీద చీర సర్దాడు. తర్వాత, "వద్దంకుల్," అన్నాడు. "ముందు నుంచి ఎల్దాం. చౌక్ దాకా నడుద్దాం. అమ్మ ఆ రోడ్డంట నడవమంది."

అమ్మ బోరుమంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

మా పెద్దల్లో ఒకాయన కుండ వాడి చేతికిస్తూ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. "ముందు నడిసినోడు ఎనక్కి సూడకూడదు బాబూ. ఎవులు పిలిసినా సూడకు." చెప్పాక ఆయనకే తెలిసింది ఎవరితో అంటున్నాడో. నాలిక కరుచుకున్నాడు. చిన్నోడు తలూపాడు.

వాడు పట్టా ముక్క దాటాడు. మెట్టు దిగాడు. మా వీధి గుమ్మాల్లో జనం నిలబడ్డారు, ఆ రోజు నిలబడినట్టే. ఈసారి దిగి వెంట వచ్చారు. మామూలుగా ఆడవాళ్లు వెళ్లరు, చౌక్ దాకా అని నేనూ నడిచాను, ఎవరూ వద్దనలేదు. వీధి మలుపు తిరిగితే థానా. గేటు దగ్గర ఎవరో కుర్చీలోంచి లేచారు. ఆ అధికారేనా, కొత్తవాళ్లా, నేను చూడలేదు. నేను చిన్నోడి వీపునే చూస్తున్నాను. వెనక ఎక్కడో లారీ గట్టిగా హారన్ కొట్టింది. నేను ఉలిక్కిపడి తిరిగాను. మేమంతా తిరిగాం.

మళ్లీ ముందుకు చూసేసరికి వాడు అదే నడకలో వెళ్తున్నాడు. కుండలోంచి పొగ వాడి భుజం మీదుగా మా కళ్లలోకి వస్తోంది. వాడు వెనక్కి చూడలేదు.